ఉడికిన పప్పు తూకం

మార్చి రెండో వారంలో ఒక ఉదయం నా భార్యను మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చబోయి సగంలో ఆగిపోయాను. ఆమె నడుముకు కట్టిన పట్టీ నా రెండు చేతుల్లోనే ఉంది. ఆమె కుడికాలు నేల మీద ఆనింది. ఎడమకాలు ఎప్పటిలాగే మాట వినలేదు. అది మడతపడకుండా నా మోకాలు అడ్డం పెట్టాను. అంతా నేర్పినట్టే చేశాను. అయినా ఆమెను లేపలేకపోయాను. మళ్ళీ మంచం అంచున కూర్చోబెట్టాను. ఇద్దరం కలిసి మంచం మీద పడ్డాం అనడమే సరైన మాట.

"ఏమైందండీ?" అంది.

"చెయ్యి జారింది."

"చెయ్యి జారలా. చేతుల్లో సత్తువ లేదు."

పక్షవాతం వచ్చాక ఆమె మాట నెమ్మదించింది గానీ మెత్తబడలేదు. రెండోసారి గోడకు వీపు ఆనించి, ఎలాగో ఆమెను కుర్చీలోకి చేర్చాను. ఆ తరువాత చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం కుదరక, ఆ పనీ ఆమే తన కుడిచేత్తో చేసింది.

ఆమె జబ్బు పడింది అంతకు ముందు ఏడాది వానకాలంలో. గుంటూరు ఆసుపత్రి నుంచి మార్టూరులో మా ఇంటికి తీసుకొచ్చిన రోజున, స్ట్రెచర్ మీద నుంచి ఇంకా దింపకముందే, వంకరపోయిన నోటితో ఒకే ఒక షరతు పెట్టింది. "పరాయి చేతులు నా ఒంటి మీద పడనివ్వకండి. స్నానానికైనా, దొడ్డికైనా మీరే." ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆమె. బడిలో ఎవరినీ పెద్దగా కోప్పడేది కాదు. చూస్తే చాలు, పిల్లలు బెంచీల్లో సర్దుకునేవారు. మాకు పిల్లలు లేరు. నేను సరేనన్నాను. ఆ మాట ఇచ్చినప్పుడు నా వయసు యాభై రెండు, నా బరువు ఎనభై ఆరు కిలోలు. ఆమె బరువు ఆసుపత్రి కాగితం మీద అరవై ఒకటి.

నెలలు గడిచేసరికి నా మోకాళ్ళు వాచాయి. చక్కెర జబ్బు నాకు ముందే ఉంది. గుంటూరులో నన్ను చూసే డాక్టరు, ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "పది పన్నెండు కిలోలు తగ్గకపోతే ఈ మోకాళ్ళు మిమ్మల్నే మోయవు, ఇంక ఆమెనేం మోస్తాయండీ?" అన్నారు. రక్తపరీక్షలు చేయించి, మూత్రపిండాలు బాగున్నాయని చూసుకున్నాక ఇంకో మాట చెప్పారు. "అన్నం తగ్గించండి. అయితే మనిషి బరువు తగ్గేటప్పుడు కొవ్వొక్కటే కరగదు, కండ కూడా కరుగుతుంది. అది నిలవాలంటే ప్రోటీను తగ్గకూడదు. మీ మట్టుకు రోజుకి తొంభై నుంచి వంద గ్రాములు చూసుకోండి. బరువులెత్తే వ్యాయామం కూడా ఏదైనా చెయ్యండి."

"ఎత్తుతూనే ఉన్నానండి," అన్నాను.

ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

లెక్క ప్రకారం తినడం నాకు కష్టమనిపించలేదు. హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో తూకాల గుమాస్తాగా నాకు పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉంది. మిరప సీజనులో టిక్కీలు, అంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలు, లారీల మీద వస్తాయి. తూచడానికి ముందు ప్రతి లాటులో తేమ చూస్తాను. కాయ విరగకుండా నీళ్ళు చల్లి తొక్కడం రైతుకు అలవాటు. ఆ నీళ్ళను పట్టుకోవడం నా పని. "నాలుగు చుక్కలు కూడా లెక్కేనా గుమాస్తాగారూ?" అంటారు. "నీళ్ళని మిరపకాయలని రాయలేను బాబాయ్," అంటాను. ఈ సంభాషణ ప్రతి ఏడూ జరుగుతుంది.

వంటింటికి ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. ఏ పదార్థంలో ఎంత ప్రోటీను ఉందో చెప్పే పట్టిక ఒకటి ఫోనులో దొరికింది. కందిపప్పు వంద గ్రాములకు ఇరవై రెండు. ఆ వరుస దగ్గర ఆగిపోయాను. వంట నేనే చేస్తాను, మధ్యాహ్నం స్టోరేజీ నుంచి ఇంటికి వచ్చి ఆమెకు పెడతాను. ఆమెకు నమలడం కష్టం, మెత్తటివే పెట్టాలి. ఇద్దరికీ ఒకే కుక్కరు, ఒకే పోపు. మధ్యాహ్నం రెండు వందల గ్రాముల పప్పు, రాత్రి నూట యాభై. డెబ్బై ఏడు గ్రాములు. దానికి పెరుగుదీ జొన్నరొట్టెలదీ కలిపితే తొంభై నాలుగు. గుడ్డు, మాంసం అక్కర లేదనుకున్నాను. నవంబరులో మొదలుపెట్టాను.

బరువు అనుకున్నట్టే తగ్గింది. మార్చి నాటికి డెబ్బై నాలుగున్నర. స్టోరేజీలో హమాలీలు, "ఏంది గుమాస్తాగారూ, అన్నయ్య చొక్కా తొడుక్కొచ్చారా?" అని ఆట పట్టించేవారు. మోకాళ్ళ వాపు తగ్గింది. కానీ టిక్కీ మీద చీటీ కట్టడానికి వంగితే తొడలు వణికేవి. బియ్యం డబ్బా మూత రాకపోతే చెంచాతో లేపేవాణ్ణి. వయసు అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఏదీ గట్టిగా అనుకోలేదు. ఆ నెలల్లో నాకు ఆకలి గానీ, రుచి గానీ, విసుగు గానీ పెద్దగా తెలియలేదు. కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకు బస్సులో అందరూ తుమ్ముతుంటే, నాకు తుమ్ము కూడా రాలేదు. ఆదివారం ప్రార్థనకు ఆమెను కుర్చీలో తీసుకువెళ్ళేవాణ్ణి. అందరితో పాటు లేచి నిలబడి, అందరితో పాటు కూర్చునేవాణ్ణి. పాడింది ఏ కీర్తనో బయటికి వచ్చాక గుర్తుండేది కాదు.

ఆమె చేత వ్యాయామం చేయించడానికి అద్దంకి నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వారానికోసారి స్కూటీ మీద వచ్చేది. చిన్న వయసు, చురుకైన అమ్మాయి. నేను లేపలేకపోయిన సంగతి నా భార్యే చెప్పింది. ఆ అమ్మాయి తన చెయ్యి చాచింది.

"సార్, గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా. ఇంతేనా?"

"పెళ్ళిలో కూడా అంతేనమ్మా పట్టుకుంది," అంది నా భార్య మంచం మీద నుంచి.

తరువాత నన్ను చేతులు కట్టుకుని కుర్చీలో నుంచి లేవమంది, కూర్చోమంది, మళ్ళీ లేవమంది. అయిదోసారికి చేతుల సాయం కావలసి వచ్చింది.

"బరువుతో పాటు కండ కూడా బాగా పోయింది సార్. ప్రోటీను తింటున్నారా అసలు?"

"తొంభై నాలుగు గ్రాములు."

"రోజుకా?"

"రోజుకే."

నమ్మలేనట్టు చూసింది గానీ వాదించలేదు. "అయితే ఆ లెక్క ఒకసారి చూసుకోండి సార్. ఈలోగా మాత్రం మీరొక్కరే మేడంని లేపకండి. పడ్డారంటే ఇద్దరూ ఆసుపత్రిలో ఉంటారు. ఒక మనిషిని పెట్టుకోండి."

ఆ అమ్మాయి స్కూటీ శబ్దం వీధి మలుపు తిరిగింది. నా భార్య ఎండ పడుతోంది, కిటికీ తలుపు వెయ్యమంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె కుర్చీ వంటింటి గుమ్మంలో ఉంది. నేను దోసకాయ పప్పు గిన్నెలోకి తీసి కాటా మీద పెట్టాను.

"ఎంత?" అంది.

"రెండొందలు. నలభై నాలుగు గ్రాముల ప్రోటీను."

"ఆ గిన్నెలోనా?"

"పప్పు వందకి ఇరవై రెండు. రెండొందలకి నలభై నాలుగు."

"అది సరే. పొద్దున కుక్కర్లో ఎంత పోశారు?"

"గిద్దన్నర."

"మనిద్దరికీ? రెండు పూటలకీ?"

"అవును."

"గిద్ద పప్పు తూచండి ఒకసారి."

డబ్బాలో నుంచి గిద్దతో పప్పు తీసి తూచాను. ఎనభై గ్రాములు.

"గిద్దన్నర అంటే నూట ఇరవై," అంది. తరగతిలో నల్లబల్ల దగ్గర నిలబెట్టిన పిల్లవాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది. "కుక్కర్లో వేసిందే నూట ఇరవై. అందులో నేనూ తిన్నాను. మరి మీరొక్కరే రోజుకి మూడొందల యాభై ఎట్టా తిన్నారండీ?"

నేను కాటా వైపు చూశాను. అంకెలు ఇంకా ఎనభై దగ్గరే ఉన్నాయి.

"మిగతాదంతా నీళ్ళు, దోసకాయ ముక్కలు," అంది. ఆమె ముఖంలో నవ్వు కుడివైపుకే వచ్చింది. "పప్పులో కాలెయ్యడం అంటే ఇన్నేళ్ళూ వినడమే. ఇవాళ కళ్ళారా చూశాను."

బియ్యం ఉడికితే అన్నం అవుతుంది. పేరు మారుతుంది గనుక ఎవరూ పొరబడరు. కందిపప్పు డబ్బాలో ఉన్నా పప్పే, కుక్కర్లో ఉన్నా పప్పే, నీళ్ళు పోసి, మెదిపి, పోపు పెట్టి పళ్ళెంలో వడ్డించినా పప్పే. పట్టికలోని పప్పు డబ్బాలోది. నేను తూచింది పళ్ళెంలోది. నా వాటాకు వచ్చిన పచ్చిపప్పు గిద్ద, అందులో ప్రోటీను పదిహేడున్నర గ్రాములు. నేను రాసుకున్నది డెబ్బై ఏడు. పెరుగూ రొట్టెలూ కలిపినా, నవంబరు నుంచి నేను తిన్నది రోజుకు ముప్పై అయిదు గ్రాములు. తేమ చూసే యంత్రాన్ని పగలంతా చేత్తో పట్టుకుని తిరిగే మనిషిని, నాలుగు నెలల పాటు రోజుకు అరవై గ్రాముల నీళ్ళను కండ కింద రాసుకున్నాను. సిగ్గు పడవలసిన సంగతే. అప్పుడు మాత్రం, అన్నం చల్లారిపోతోందని తినడానికి కూర్చున్నాను.

మరుసటి వారం ఆయా వచ్చింది. మా వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది. అంతకు ముందు గ్రానైటు పాలిషింగు యూనిట్లో పలకలు కడిగే పని చేసిన మనిషి. మొదటి రోజే నా భార్యను ఒక్క ఊపున కుర్చీలోకి మార్చింది.

"బండలు మోసిన చేతులు టీచరమ్మా ఇయ్యి. మీరొక లెక్కా! మా ఆయన తాగొస్తే ఆయన్నీ ఇట్టాగే ఎత్తి మంచమ్మీద పడేసేదాన్ని. ఆయనకంటే మీరే బుద్ధిమంతులు, కాళ్ళు ఝాడించరు."

నా భార్య నవ్వలేదు. స్నానాలగదిలో ఉన్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది. నేను తువ్వాలు అందించడానికి తలుపు దాకా వెళ్ళి, అది చూసి, తువ్వాలు తలుపు మీద వేసి వచ్చేశాను.

ఆ సాయంత్రం అడిగింది. "ఎన్నాళ్ళు?"

"నా చేతుల్లోకి సత్తువ వచ్చేదాకా."

"వస్తుందా?"

"మూడు నెలలు పట్టవచ్చు అంది ఆ అమ్మాయి."

"సరే," అంది. నేను తప్పిన మాటను ఆమె ఎత్తలేదు.

తినడం కొత్తగా మొదలుపెట్టాను. ఉదయం మూడు గుడ్లు. మధ్యాహ్నం మీల్ మేకర్, నానబెట్టక ముందు తూచి యాభై గ్రాములు. రాత్రి కోడిమాంసం, పచ్చిది తూచి నూట యాభై. మధ్యలో శనగలు, అవీ పొడివే తూచి. పప్పు ఉడికితే పెరుగుతుంది, మాంసం ఉడికితే తగ్గుతుంది. అందుకని ఏదైనా పొయ్యి ఎక్కకముందే కాటా ఎక్కేది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు కుర్చీలో నుంచి లేవడం, కూర్చోవడం, నీళ్ళ డబ్బాలు ఎత్తడం రోజు విడిచి రోజు చేశాను. వంద గ్రాములకు అటూ ఇటూగా సాగింది. అన్నీ ఒకే రుచిగా ఉండేవి.

"మీ పళ్ళెం పెళ్ళిభోజనం. నాది ఉపవాసం," అంది ఒకరోజు.

"నువ్వూ ఒక గుడ్డు తినవచ్చుగా."

"శ్రమకాలం కదండీ. ఈస్టరు దాటనివ్వండి."

ఈస్టరుకు ముందు నలభై రోజులూ గుడ్డూ మాంసమూ ముట్టకపోవడం ఆమె పుట్టింటి అలవాటు. ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు కోడికూర చేశాను. ఆమె రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని, దవడ నొప్పిగా ఉందని పక్కన పెట్టింది. మళ్ళీ పప్పూ పెరుగూ. ఆమెకు అన్నం ఇప్పుడు ఆయా తినిపించేది. "టీచరమ్మ రెండు ముద్దలకే చాలంటన్నారు సార్," అని వంటింట్లోకి వినపడేటట్టు చెప్పేది. విన్నాను. అప్పుడు నా శనగలు తూచుకుంటున్నాను.

మేలో ఎండలకు ఎవరికీ తినబుద్ధి కాదు. జూన్ నాటికి బియ్యం డబ్బా మూత చేత్తోనే వచ్చింది. కుర్చీలో నుంచి పదిసార్లు లేచాను. బరువు డెబ్బై మూడు దగ్గర నిలిచింది. ఫిజియోథెరపీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చూసి, "ఇప్పుడు పర్లేదు సార్, ఎవరైనా పక్కనుండగా ఒకసారి ప్రయత్నించండి," అంది. నా భార్య ఎన్నాళ్ళని అడగడం అప్పటికే మానేసింది. స్నానాలగదిలో కళ్ళు మాత్రం అలాగే మూసుకునేది.

జూన్ చివరి వారంలో ఒక ఉదయం ఆయా రాలేదు. కోడలికి నొప్పులు మొదలయ్యాయని, ఒంగోలు వెళుతున్నానని ఫోను చేసింది.

"పక్కింటి ఆవిణ్ణి పిలవనా?" అన్నాను.

"ఎందుకు? మీరున్నారుగా," అంది. మంచం మీద కుడిచేత్తో ముందుకు జరుగుతోంది అప్పటికే.

పట్టీ కట్టాను. మోకాలు అడ్డం పెట్టాను. నేను లెక్కపెట్టి లేపాను. ఆమె వెంటనే లేచింది. నేను వేసిన బలానికి ఇద్దరం వెనక్కి ఒక అడుగు తూలాం. బీరువా ఆపింది. కుర్చీలో కూర్చోబెట్టాను.

"వచ్చింది," అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వు కూడా ఉంది. "వచ్చిందండీ మీకు సత్తువ. ఇంక ఆయాను మానిపించండి."

ఆమె నడుముకు కట్టిన పట్టీ చివర జానెడు పైగా వేలాడుతోంది. మార్చిలో నాలుగు వేళ్ళ మేర మిగిలేది. మళ్ళీ వంగి, పట్టీ పక్కన చెయ్యి పెట్టి చూశాను. పక్కటెముకలు ఒక్కొక్కటిగా తగిలాయి. ఆమె ఎడమ తొడ నా మోచేతి మందం ఉంది. కుడి తొడ కూడా దానికంటే ఎంతో లావు లేదు.

మంచం కింద నుంచి బరువు చూసుకునే మిషను బయటికి లాగాను. ఆమెను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాను. అలా ఎత్తుకోగలనని నేను అనుకోలేదు. మిషను ఎక్కి నిలబడ్డాను.

"ఇదేంటండీ, నన్ను కూడా కాటా ఎక్కిస్తున్నారా?"

అంకెలు నా కాళ్ళ దగ్గర ఉన్నాయి. నాకు ఆమె ఒంటి మీదుగా కనపడలేదు. ఆమే మెడ వంచి చూసింది.

"నూట ఇరవైన్నర. మీరెంత?"

"డెబ్బై మూడు."

ఆమెకు తీసివేతకు ఎంతోసేపు పట్టలేదు. అయినా కొంచెం ఆగి చెప్పింది.

"నలభై ఏడున్నర."

ఆమెను కుర్చీలో దించాను. ఆసుపత్రి కాగితం మీది అరవై ఒకటి ఇద్దరికీ గుర్తుంది.

"అయితే మీకు సత్తువ రాలేదన్నమాట," అంది.

"కొంత వచ్చింది."

"కొంత," అంది.

నేను ఆ మూడు నెలలూ నా పళ్ళెంలోకి వెళ్ళే ప్రతి గింజా తూచాను. ఆమె పళ్ళెం ఒక్కసారి కూడా తూచలేదు. ఆమె వాటాకు వచ్చేది అర గిద్ద పప్పు, ఒక కప్పు పెరుగు. మంచం మీద ఉన్న మనిషికి కండ ఇంకా త్వరగా పోతుందని ఫిజియోథెరపిస్టు తరువాత చెప్పింది. ఆ రోజు ఉదయం అది ఎవరూ చెప్పనక్కరలేదు.

వంటింట్లోకి వెళ్ళి రెండు గుడ్లు ఉడకబెట్టాను. స్టోరేజీకి ఫోను చేసి, ఆలస్యమవుతుందని చెప్పాను. గుడ్లు వలిచి, గిన్నెలో వేసి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి, కొంచెం పాలు పోసి చెంచాతో మెత్తగా నలిపాను. ఆమె కుర్చీ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఆమె గిన్నె వైపు చూసింది. నోరు తెరవలేదు.

"ఇట్టా ఉంటే మీరొక్కరే నన్ను ఎత్తగలరు," అంది. "ఇవన్నీ తింటే నేను బరువు పెరుగుతాను."

"పెరుగు," అన్నాను.

"మళ్ళీ మీ వల్ల కాదు."

"కాకపోవచ్చు."

"మళ్ళీ ఆమె రావాలి."

"ఆమె కోడలికి కాన్పు అయ్యాక వస్తుంది. అడుగుతాను."

కిటికీ వైపు చూసింది. వీధిలో గ్రానైటు పలకల లారీ ఒకటి వెళ్ళింది. కిటికీ అద్దాలు కదిలాయి. చెంచా నా చేతిలో అలాగే ఉంది. నా చెయ్యి వణకలేదు.

"స్నానం చేయించేటప్పుడు ఆమెను కబుర్లు చెప్పవద్దనండి," అంది. "అది ఒక్కటీ చెప్పండి."

"చెబుతాను."

నోరు తెరిచింది. మొదటి చెంచా మింగడానికి చాలాసేపు పట్టింది. ఆమె మింగేదాకా ఆగి, రెండోది కలిపాను.